ఒంటి అంచు చీర

మా పెద్దత్త చీరలన్నిటికీ ఒక అంచే ఉండేది. కింది అంచు. పై అంచు ఉండవలసిన చోట దారాలు వేలాడుతుండేవి. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో, ఇంత పొలం ఉన్న మనిషి ఇలా చినిగిన చీరలు కట్టుకుని తిరగడమేమిటని నాకు విడ్డూరంగా ఉండేది. పండగకు ఎవరైనా కొత్త చీర పెడితే ఆమె రంగు చూసేది కాదు. పై అంచును రెండు వేళ్ళతో నలిపి, వెలుతురుకు పట్టి, "గట్టిగనే ఉండాది. రెండు మెడలకొస్తాది" అనేది.

మెడలంటే పెయ్యదూడల మెడలు.

ఆమె మా మామగారి అన్నభార్య. మా ఇంటికి ఎదురిల్లు. తమిళ సీమలో, ఏళాయిరంపన్నై నుంచి కోవిల్పట్టి వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. చుట్టూ నల్లరేగడి. వాన కురిస్తే పత్తి, మినుము; కురవకపోతే సర్కారు తుమ్మ. ఈ ఊళ్ళో ఏ ఇంట్లో తొలి బిడ్డ పుట్టినా ఆ ఇంటికి ఒక పెయ్యదూడ వెళుతుంది. అది అమ్మకం కాదు, దానమూ కాదు, వంతు. ఆ పెయ్య పెరిగి ఈనాక పాలు మీవి, పేడ మీది, కోడెదూడలు మీవి. కానీ దానికి పుట్టిన మొదటి ఆడదూడ మాత్రం మీది కాదు. అది పాలు మరిచాక, తరువాత తొలి బిడ్డ పుట్టిన ఇంటికి పోవాలి. దాన్ని సంతకు తోలకూడదు.

ఈ పద్ధతి ఆమె పెట్టిందో, పుట్టింటి నుంచి తెచ్చిందో నాకు తెలియదు. అడిగితే "పెద్దోళ్ళు చేస్తా ఉండ్రి" అని తప్పించుకునేది. ఆమె కోడలిగా రాకముందు ఇలాంటిదేమీ లేదని ఊళ్ళోవాళ్ళు చెబుతారు. దానికి కారణం కూడా ఆమె ఎప్పుడూ పెద్దగా చెప్పలేదు. ఒకే మాట అనేది: "పాలు ఊరు దాటొచ్చు. పెయ్య ఊరు దాటగూడదు."

వంతు పెయ్య మెడకు ఆమె తన చీర అంచు చించి కట్టేది. తరువాత తరువాత ఎవరి పెయ్య వంతుకు వస్తే వాళ్ళే తమ చీర చించడం మొదలుపెట్టారు. తాడు చాలదా అని నేను అడిగాను.

"తాడు సంతలో గూడా కడతారు. ఇది అమ్మకానికి పోతా ఉండాదో, ఇంటికి పోతా ఉండాదో తాడును సూస్తే ఎవురికి తెలుస్తాది?"

ఆమె మాట నిజమని ఒకసారి కళ్ళారా చూశాను. సాత్తూరు వైపు నుంచి వచ్చే పశువుల దళారి ఒకడు, వాడూ తెలుగువాడే, టీకొట్టు ముందు, పెద్దత్త పక్కనున్న పెయ్య వీపు నిమురుతూ నిలబడ్డాడు.

"దీన్ని నాకియ్యక్కా. వీపు మీద మంచి సుడి ఉండాది. సంతలో ఎగబడి కొంటారు."

"దాని మెడలో ఏముండాదో సూడు రా."

"చీరపీలిక."

"ఎవురి చీర?"

"నీదే అనుకుంటా."

"నడూర్లో నిలబడి ముసలిదాని చీర పట్టి లాగతా ఉండావే, నీకు సిగ్గు లేదా?"

టీకొట్టులో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. దళారి నిప్పు మీద పెట్టినట్టు చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఏ దళారీ పీలిక కట్టిన పెయ్యను బేరమాడలేదట.

ఆమె మంచి మనిషి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. నోరు కత్తి. దాయాలు ఆడితే ఎవరూ చూడకుండా గవ్వలను మోకాలితో తిప్పేది. ఏ కోడలి వంటనూ మెచ్చుకున్న పాపాన పోలేదు. మా పాప పుట్టాక, నిద్రపోయే బిడ్డ ముక్కు దగ్గర నేను వేలు పెట్టి ఊపిరి చూసుకుంటుంటే, "అది ఊపిరి మరిసిపోయేదానికి నీ మాదిరి కాలేజీలో సదివిందా?" అంది. నాకు కోపం వచ్చింది. చేతులు ఎన్నిసార్లు కడుగుతానో, సీసాలు ఎంతసేపు మరిగిస్తానో వీధంతా చెప్పి నవ్వేది.

కోవిల్పట్టి పోయినప్పుడల్లా కడలమిఠాయి కొనుక్కొచ్చేది. మన పల్లీపట్టీయే, అక్కడ దానికి పెద్ద పేరు. ఉన్న నాలుగు పళ్ళకు అది కొరుకుడుపడదు కనక బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ మాట్లాడేది.

"మన సెనక్కాయే ఇది. మూటలో పాయె, పొట్లంలో వచ్చె. మూటకు వాళ్ళు చెప్పిందే ధర, పొట్లానికీ వాళ్ళు చెప్పిందే ధర. మనకు మిగిలింది ఏంది మే?"

"ఏంది పెద్దత్తా?"

"పొట్టు."

ఊరికి ఉత్తరాన సౌరవిద్యుత్తు పలకలు వచ్చినప్పుడు మా వీధిలో చాలామంది పొలాలు అమ్మారు. మా మామగారూ ఒక చెక్క అమ్మారు. కార్లు వచ్చాయి, కోవిల్పట్టిలో ఇళ్ళు లేచాయి, కొన్ని కుటుంబాలు ఆ ఇళ్ళలోకి వెళ్ళిపోయాయి. పెద్దత్త అమ్మలేదు, అమ్మినవాళ్ళను తిట్టనూ లేదు. "ఆ దుడ్డు బస్సు మాదిరి వచ్చె. మన స్టాపులో నిలిచె. ఎక్కేవాళ్ళు ఎక్కి పొయ్యిరి, బస్సూ పాయె" అని మాత్రం అంది. విరుదునగర్‌లో నేను కామర్సు చదివాను, అక్కడే ఒక ఆడిటరు దగ్గర కొన్నాళ్ళు పనిచేశాను. సంపద ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు అన్నది నాకు ఇంతకంటే తేటగా చెప్పినవాళ్ళు లేరు. కానీ అది ఆమెతో అనలేదు. అంటే ఇంకా ఎక్కువ మాట్లాడుతుందని భయం.

వంతుకు ఆమె పెట్టిన మర్యాదలు రెండున్నాయి. పెయ్యను తీసుకునేవాళ్ళు ఇచ్చే ఇంటికి వచ్చి పలుపు పట్టుకుని నడివీధిలో ముందు నడవాలి. ఇచ్చేవాళ్ళు వెనక నడవాలి. ఇచ్చేవాళ్ళు ముందు నడిస్తే దానం చేస్తున్నట్టు ఉంటుందని ఆమె ఉద్దేశం. రెండోది మజ్జిగ. పెయ్యను తీసుకున్న ఇంట్లో ఇచ్చినవాళ్ళు ఏడాది వరకు ఏమీ తాగకూడదు. ఎండలో నడిచివచ్చినా సరే, దాహమేసినా సరే. "ఇచ్చినోళ్ళు తాగితే అది వడ్డీ అయిపోతాది. వడ్డీ తిన్న కాడ వంతు నిలవదు" అనేది. మా వీధిలో ఇది అందరికీ తెలుసు. ఆమె వాకిట్లోకి వస్తే ఎవరూ గ్లాసు ముందుకు చాపరు. కొందరు కొంటెగా అడిగేవాళ్ళు కూడా: "ఏమత్తా, ఏడాది అయిందా, మజ్జిగ తెచ్చేదా?"

ఇంతవరకూ రాసింది చదివితే ఊరంతా ఆమె పెయ్యలే అనిపిస్తుంది. ఊరంతా కాదు. మా వీధి. మా ఊళ్ళో వాగు అవతల ఇంకో వీధి ఉంది. మా పొలాల్లో తరతరాలుగా పనిచేసింది ఆ వీధివాళ్ళే. ఇప్పుడు ఎక్కువమంది అగ్గిపెట్టెల పనికీ, వెంబకోట్టై వైపు బాణసంచా పనికీ పోతారు. ఈ తమిళ ఊళ్ళో ఇంట్లో తెలుగు మాట్లాడేది రెండే వీధులు, మాదీ వాళ్ళదీ. అయినా మేము వాళ్ళతో తమిళంలోనే మాట్లాడతాం. వాళ్ళు తెలుగులో మొదలుపెట్టినా తమిళంలోనే జవాబిస్తాం. ఇలా చేయమని నాకు ఎవరూ నేర్పలేదు. వచ్చిన వారానికే వచ్చేసింది.

ఎన్నో ఏళ్ళు పెద్దత్త వంతు ఆ వాగు దాటలేదు. తరువాత మా వీధిలో ఆవులు తగ్గాయి. ప్యాకెట్ పాలు వచ్చాయి. కుర్రవాళ్ళు తిరుప్పూరు, చెన్నై పోయారు; బిడ్డలు అక్కడే పుట్టారు. ఒక పెయ్యకు వంతు వచ్చే ఇల్లు లేక ఏడాదిపాటు ఆమె కొట్టంలోనే నిలిచిపోయింది. నేను కొత్త కోడలిని అప్పుడు. ఒక సాయంత్రం నన్ను కేకేసింది.

"రా మే. కాళియమ్మకు తొలిచూలు కొడుకు పుట్టినాడంట. పెయ్యను తోలకపోదాం."

"ఏ కాళియమ్మ?"

"వాగు అవతల."

నా ముఖంలో ఏం కనబడిందో, వెంటనే అంది: "నేనేమో మంచిదాన్నని పోతా ఉండానని అనుకోవాకు. ఈ పక్క గడ్డి కోసే చెయ్యి ఒగటీ లేదు. పెయ్య నిలిచిపోతే అది వంతు గాదు, నా సొత్తు అయిపోతాది."

మేము నడివీధిన వెళ్ళలేదు. పెరటిదారిన వాగులోకి దిగాం. అవతలి ఒడ్డున ఒక పడుచు నిలబడి ఉంది, నా వయసే ఉంటుంది. పెద్దత్త పలుపు ఆమె చేతికిచ్చి తాను వెనక నడిచింది. ఇంటి ముందు రేకుల పందిరి కింద దూడను కట్టాక కాళియమ్మ లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. కొత్త స్టీలు గ్లాసు. అంగడి స్టిక్కరు ఇంకా దాని మీదే ఉంది.

"వేండామ్" అంది పెద్దత్త. తమిళంలో, ఒకే మాట. వద్దు.

మా వీధిలో అయితే అంతకంటే చెప్పనక్కరలేదు. అది మా వీధి కాదు. ఏడాది నియమం గురించి అక్కడ ఎవరికీ తెలియదు. వాళ్ళకు తెలిసింది వేరే. మా ఇళ్ళవాళ్ళు వాళ్ళ ఇళ్ళలో నీళ్ళు ముట్టకపోవడం వాళ్ళు పుట్టినప్పటినుంచీ చూస్తున్నారు. కాళియమ్మ గ్లాసును వెనక్కి తీసుకుని ఆ స్టిక్కరును గోటితో గీకుతూ నిలబడింది.

తిరిగివస్తూ పెద్దత్త వాగు మధ్యలో, ఇసుకలో కూలబడింది. కాళ్ళు నొప్పేమో అనుకున్నాను.

"అది ఏమనుకుంటాది మే?"

"ఏమీ అనుకోదులే పెద్దత్తా."

"అనుకుంటాది. నేనైతే అనుకుంటా."

కాసేపు ఇసుకను పిడికిట్లోకి తీసి వదులుతూ కూర్చుంది. ఎవరినీ లెక్కచేయని ఆ ముఖం అంత చిన్నదైపోవడం నేను అంతకుముందు చూడలేదు. "మన ఈదిలో మర్యాద. ఆడ అది పాత పాపమే అయిపాయె" అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు.

తరువాత చాలాసార్లు వెళ్ళింది. ఎప్పుడు పోయినా కాళియమ్మ పనికి పోయి ఉండేది, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండేది. ఏడాది దాటింది. తాగవచ్చు. అప్పటికి పెద్దత్త మోకాళ్ళు వాగు దిగలేకపోయాయి. మంచాన పడ్డాక ఒకటే అడిగేది: "కాళి ఇంట్లోనుంచి మజ్జిగ తెప్పించండి." అందరూ సంధి ప్రేలాపన అన్నారు. ఒకరోజు మా అత్త మా ఇంటి మజ్జిగే గ్లాసులో పోసి, కాళియమ్మ పంపిందని చెప్పి తాగించమని నా చేతికిచ్చింది. పెద్దత్త ఒక గుక్క మింగింది. నన్ను చూసింది.

"మన సొప్ప తిన్న ఆవుది ఇది" అని గోడవైపు తిరిగింది.

ఆమె పోయి రెండు నెలలు కాలేదు. సాగనంపే రోజు వాగు అవతలివాళ్ళు వచ్చి మా వీధి మొగలోనే నిలబడ్డారు. ఎవరూ ఇటు రమ్మనలేదు.

పాప నిద్రపోయింది కనక రాస్తున్నాను. ఈ తెలుగు అక్షరాలు నేను కాలేజీ రోజుల్లో పట్టుబట్టి నేర్చుకున్నవి. ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు. ఆమె గురించి రాయాలని మొదట అనుకోలేదు. పోయినవారం కాళియమ్మ మా పెరటి తలుపు దగ్గరకు వచ్చింది. అప్పటినుంచి నాకు పెద్దత్త తప్ప ఇంకేమీ గుర్తురావడం లేదు.

"మీ ఇంటికి వంతు వచ్చిందమ్మా" అంది కాళియమ్మ, తమిళంలో. పెద్దత్త ఇచ్చిన పెయ్య ఈనింది. ఆడదూడ పుట్టింది. పాలు మరిచింది. ఈ ఏడాది ఊళ్ళో తొలి బిడ్డ పుట్టింది మా ఇంట్లోనే.

మా అత్త తలుపుకు అడ్డంగా నిలబడి తమిళంలోనే జవాబిచ్చింది. గడ్డి లేదమ్మా అంది. కొట్టం పడిపోయిందమ్మా అంది. కాళియమ్మ కదలకపోయేసరికి నా చంకలో ఉన్న పాపను చూపించింది. "పసిబిడ్డ ఉన్న ఇల్లు. దోమలు వస్తాయి. మా కోడలు అసలే భయస్తురాలు, చూస్తున్నావుగా."

కాళియమ్మ నన్ను చూసింది. నేను నోరు విప్పలేదు. నా భయం నిజమే, అందరికీ తెలిసిందే. అందుకే అది అంత చక్కగా పనికొచ్చింది.

ఆమె వెళ్ళాక అత్తను అడిగాను.

"మనం ఇవ్వలేదా అత్తా వాళ్ళకు?"

"ఇచ్చేది వేరే మే. అక్క ఇచ్చె, సరి, ఎవురూ ఏమీ అనలే. వాళ్ళ కాడినించి తీసుకునేది..." తలుపు గడియ వేస్తూ అంది: "సుమ్మా ఉండు. దాని పెయ్యను అది అమ్ముకోనీ. దానికే మంచిది గదా."

అత్త అన్నదాంట్లో ఆ చివరి మాటే నన్ను ఎక్కువ కుదిపింది. నిజంగా కాళియమ్మకు అదే లాభం. మేము వద్దంటే ఆ పెయ్య ఆమెదే అవుతుంది, సంతలో మంచి డబ్బు వస్తుంది. అయినా పని మానుకుని మా పెరటి తలుపు దాకా వచ్చింది. పెయ్య మిగలడం కాదు ఆమెకు కావలసింది. ఇవ్వడం. పెద్దత్త చేసిన పనే, ఆమెలాగే. దాన్నే మేము గడ్డి లేదని చెప్పి కాదన్నాం.

కోవిల్పట్టి మిల్లులో షిఫ్టులో ఉన్న మా ఆయనకు ఫోను చేశాను. "అమ్మ ఎట్లంటే అట్ల" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం పొలం నుంచి ఆవులు వాగులో దిగుతుంటే పెరట్లోంచి చూస్తూ నిలబడ్డాను. పెద్దత్త మొదటి ఆవుకు నుదుటి మీద తెల్లని చుక్క ఉండేదట. ఇప్పుడు వాగుకు ఈ పక్క ఆవులకూ ఉంది, ఆ పక్క ఆవుకూ ఉంది. పొలాలు అమ్మిన దుడ్డులో ఈ ఊళ్ళో మిగిలింది ఏమిటో నేను చూపించలేను. ఇది మాత్రం చూపించగలను. కరువులు ఈ వంతును తెంచలేదు. సంతా తెంచలేదు. తెగితే మా గుమ్మం దగ్గరే తెగుతుంది, నా బిడ్డ పేరు చెప్పి తెగుతుంది.

అత్త కునుకు తీస్తున్నప్పుడు పాపను ఎత్తుకుని పెరటిదారిన వాగు దాటాను. కాళియమ్మ పందిరి కింద చేటతో ఏదో చెరుగుతోంది. ఆమెను ఏమని పిలవాలో తెలియలేదు. మా వీధిలో ప్రతి మనిషికీ నా దగ్గర ఒక వరస ఉంది. ఈమెకు లేదు.

"అక్కా" అన్నాను, తెలుగులో.

ఆమె చేట దించింది. "అక్కా అంటివే! మీ ఈదిలో గూడా అంటావా?" ఆమె కూడా తెలుగులోనే అడిగింది. నాతో ఆమె తెలుగు మాట్లాడడం అదే మొదలు.

"పెయ్యను తోలకపోయేదానికి వస్తి."

"మీ అత్తకు సెప్పితివా?"

"ఇంకా లేదు."

దూడ మెడలో చీర పీలిక ఉంది. ఎర్రటి పాలిస్టరు అంచు. అది చేత్తో చినగదు, బ్లేడుతో కోసినట్టుంది. పాప దాన్ని అందుకోబోయి వంగింది. దూడ మెడ చాచి పాప చేతిని నాకింది. నేను ఉలిక్కిపడి పాపను వెనక్కి లాక్కుని, ఆ చిన్న చేతిని నా కొంగుతో తుడిచాను. ఎప్పుడూ చేసే పనే. మా ఇంటి ఆవు నాకినా అదే చేస్తాను.

"నాకింది దూడ మే" అంది కాళియమ్మ. "నేను గాదు."

"లేదక్కా, నేను అందరి కాడా..." అని ఆగిపోయాను. నేను చెప్పబోయేది నిజమే. అయితే ఆ రోజు పెద్దత్త చెప్పగలిగినదీ నిజమే. ఆ పందిరి కింద, ఆ గ్లాసు ముందు, అది నిజమవడం వల్ల ఏం ఒరిగింది?

ఆమె లేచి దూడ వీపు మీద చేయి వేసింది.

"పెద్దమ్మ మీ ఈదిలో ఎవురికిచ్చినా నడీదిలో నడిపిస్తాదంట గదా. నన్ను మాత్రం వాగు కాడ నిలబెట్టి పలుపిచ్చె. నీ మాదిరే పెరటిదోవన వచ్చె, పెరటిదోవన పాయె. సరి, పెద్దామె. పొయ్యింది. నువ్వు ఆ దోవన తోలకపోతే ఇది వంతు గాదు, దొంగసొత్తు. నడీదిన రా. పాలు పిండే యాళకి రా, అందురూ వాకిట్లో ఉంటారు."

"బిడ్డ..."

"బిడ్డను ఎత్తుకోనే రా. పెయ్య బిడ్డదే గదా."

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. "మీ మామ ఏమంటాడో" అంది. తరువాత "ఈది ఏమంటాదో" అంది. వద్దని మాత్రం అనలేదు. లోపలికి పోయింది. పాత్రలు గట్టిగా కదిలించిన చప్పుడు వినిపించింది.

పొద్దు వాలుతుండగా పాపను చంకనేసుకుని నడివీధిన బయలుదేరాను. వాగు అవతల పలుపు అందుకున్నాను. దూడ రెండడుగులు మొరాయించి కదిలింది. కాళియమ్మ వెనక నడిచింది. వీధిలోకి వచ్చేసరికి చెంబులు పట్టుకుని వాకిళ్ళలో ఉన్న ఆడవాళ్ళంతా అలాగే నిలబడిపోయారు. ఆ చూపుల్లో నా నడక నాకే కొత్తగా అనిపించింది.

"ఎవురి పెయ్య మే అది?" మూడో ఇంటి చిన్నత్త అడిగింది. తెలియక కాదు.

"మా పాపది."

"ఎవురిచ్చిరి?"

"కాళియమ్మక్క." గట్టిగా చెప్పాలనే అనుకున్నాను. గొంతు సగమే వచ్చింది. వెనక నడుస్తున్న మనిషికి వినిపించిందో లేదో నాకు తెలియదు.

పెద్దత్త ఇంటి ముందుకు వచ్చేసరికి తాళం వేసిన ఆ తలుపువైపు చూడలేకపోయాను. ఈ వీధిలో ఆమె ఎందరినో ఇలా నడిపించింది. ఆమె ధైర్యం చాలనిది ఈ ఒక్కరి విషయంలోనే. ఆ మిగిలిన నడకే నేను ఇప్పుడు నడుస్తున్నాను, ఆమె కంటే తక్కువ ధైర్యంతో, చంకలో బిడ్డను అడ్డం పెట్టుకుని.

దూడను కొట్టంలో కట్టాను. కొట్టం పడిపోలేదు. గడ్డివాము పక్కనే ఉంది. కాళియమ్మ రెండింటినీ చూసింది.

అప్పుడు మా అత్త బయటికి వచ్చింది. ఇంటికి ఒకటి తెచ్చి ఇచ్చిన మనిషిని నోరు తడపకుండా పంపడం ఆమె వల్ల కాదు. చేతిలో మజ్జిగ. పాప పేరు పెట్టిన రోజు మిగిలిన పూల బొమ్మల కాగితపు గ్లాసు. ఆమె వెనక, తెరిచిన తలుపులోంచి, వంటింటి అలమరలో బోర్లించిన మా స్టీలు గ్లాసులన్నీ కనబడుతూనే ఉన్నాయి.

కాళియమ్మ చేయి చాపలేదు. వీధికంతా వినిపించేలా, తెలుగులో అంది:

"ఇచ్చినోళ్ళు ఏడాది దాకా తాగగూడదు గదమ్మా. పెద్దమ్మ ఆ పొద్దు నాకు సెప్పకపాయె. తరవాత ఎవురో సెప్పితే తెలిసె."

గ్లాసు వైపు ఒకసారి చూసి, "ఏడాది కానీ. వస్తా" అంది. వచ్చిన దారినే, నడివీధిన, నెమ్మదిగా వెళ్ళిపోయింది.

ఆమె పెద్దత్త మర్యాదను నిలబెట్టిందో, ఆ రోజు పెద్దత్త వద్దన్న గ్లాసుకు జవాబు చెప్పిందో మాకు తెలియలేదు. అడిగే ముఖం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. దూడ కొత్త చోటు వాసన చూస్తూ ఒకసారి అరిచింది. అత్త చేతిలో కాగితపు గ్లాసు మెల్లగా మెత్తబడి, అడుగు నుంచి మజ్జిగ కారడం మొదలుపెట్టింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక ఆమె అలాగే పట్టుకుని నిలబడింది.